బూడిదయ్యేదాకా నిలబడాలి

నేను చెప్తుంటే మా అమ్మాయి లలిత రాస్తోంది. నా మాటలు పుస్తకంలో ఉండేటట్టు సరిచేస్తానంది. సరే చెయ్యి, భయాన్ని మాత్రం తగ్గించి రాయొద్దు అన్నాను.

పోయిన నెల మంజుల అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నేను ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేసిన ఆఫీసులో, కాగితాలు కాల్చే గదిలో, ఇప్పుడు ఆమెను పెట్టారు. కాంట్రాక్టు కంపెనీ తరఫున వచ్చిందట. చందాపుర నుంచి రెండు బస్సులు మారి యలహంకకు వచ్చి, చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"ఆంటీ, ఆ గదిలో ఏమేం జాగ్రత్తగా ఉండాల? అక్కడ ఎవుర్ని అడిగినా నోరు ఇప్పరు."

ముక్కుకు తడిగుడ్డ కట్టుకో, నైలాను చీర కట్టుకొని పోవద్దు, బట్టీ తలుపు తెరిచేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడు అని చెప్పాను. కాఫీ తాగింది. మెట్లు దిగుతూ సంతోషంగా ఒక మాట అంది.

"మా సాక్షి సార్ బలే మంచోడు ఆంటీ. పొద్దున్నే సంతకం పెట్టేస్తాడు. నా నెత్తిన నిలబడి కాపలా కాయడు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. సాక్షి అంటే మొదటి కాగితం నుంచి ఆఖరుదాకా పక్కనే నిలబడి చూసి, అప్పుడు సంతకం పెట్టాల్సినాయన. చెప్పాల్సిన మాట ఒక్కటే, అది తప్ప అన్నీ చెప్పి పంపించాను. ఇదంతా ఆ ఒక్క మాట కోసం.

ఆఫీసు పేరు చెప్పను. బెంగళూరులోనే ఉంది, అంతవరకు చాలు. మన దేశం దగ్గరున్న అణుబాంబుల గురించి, వాటిని మోసుకుపోయే క్షిపణుల గురించి అక్కడ కూర్చొని లెక్కలు వేస్తారు. బాంబులు అక్కడ ఉండవు. కాగితాలు ఉంటాయి. పని అయిపోయిన కాగితాన్ని బూడిద చేయడం నా ఉద్యోగం.

చదువు రాని మనిషి కావాలి

నా పెనిమిటి అంజనప్ప అదే ఆఫీసులో తోటపని చేసేవాడు. ఒక మధ్యాహ్నం మొక్కలకు నీళ్ళు పడుతూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. లలితకు అప్పుడు నడక కూడా సరిగా రాదు. ఆయన పోయిన ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామని కబురు పంపారు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. మాది మగ్గం ఇల్లు. తెగిన పట్టుదారం చూపు పెట్టకుండా అతకగలను గాని, అక్షరం ఏది ఎటు తిరిగి ఉందో తెలియదు.

సెక్యూరిటీ ఆఫీసరు కుట్టప్ప గారి ముందు నిలబెట్టారు. కొడగు మనిషి, మిలిటరీలో చేసి వచ్చినాయన. నా ముందు మూడు కాగితాలు పెట్టాడు. ఒకటి ఇంగ్లీషంట, ఒకటి కన్నడమంట, ఒకటి తెలుగంట. చదవమన్నాడు. నేను మూడింటినీ చూసి, "గొత్తిల్ల సార్" అన్నాను. తెలియదని కన్నడంలో. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "ఈమే సరి" అన్నాడు.

నాకు చదువు రాదని సంతోషించిన మనిషిని అదే మొదటిసారి చూడటం. రహస్యం కాగితాలు చేతిలోకి వచ్చే చోట చదవలేని మనిషే ఉండాలట. వేలిముద్ర వేయించుకున్నారు. ఏది చూసినా, ఏది విన్నా బయట చెప్పనని ఒట్టు పెట్టించుకున్నారు. చూసింది చెప్పడానికి నాకేమైనా తెలిస్తే కదా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

కాగితం కాలే తీరు

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అగ్గిపుల్ల గీస్తే కాగితం కాలిపోతుంది అనుకుంటారు. కాలదు. కట్టగా వేస్తే అంచులు నల్లబడి లోపల తెల్లగా అట్లాగే ఉంటుంది. మడత పెట్టి వేసినా అంతే. ఒక్కో కాగితాన్ని నలిపి, ఉండ చేసి, ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న పటాలు ముడుచుకుపోయి కారుతాయి. ఆ పొగ తగిలితే మూడు రోజులు గొంతు మండుతుంది. నా గొంతు ఇట్లా బొంగురుపోయింది ఆ పొగకే.

ఇంకొకటి. కాలిపోయిన కాగితం మీద కూడా రాత ఉంటుంది. కాగితం నల్లగా అవుతుంది, దాని మీద అక్షరాలు బూడిదరంగులో మెరుస్తూ కనిపిస్తాయి. చదువు వచ్చినవాడు చదువుకోవచ్చు. అందుకే ఇనుప చువ్వతో కుళ్ళబొడవాలి, నీళ్ళు పోయాలి, మళ్ళీ కలపాలి, పేడనీళ్ళ మాదిరి అయ్యేదాకా కలపాలి. అప్పుడే అది కాలినట్టు.

సంచీలో ఎన్ని కాగితాలు వచ్చాయో నేను ఒకసారి లెక్కపెట్టాలి, సాక్షి ఒకసారి లెక్కపెట్టాలి. మొదటి కాగితం నుంచి నీళ్ళు కలిపేదాకా సాక్షి నా పక్కనే నిలబడి, ఆఖరున పుస్తకంలో సంతకం పెట్టాలి. ముక్కలు చేసే మిషను ఉంది కదా అని నేనొకసారి అడిగితే, ముక్కలు అతికించి చదివే ఓపిక ఉన్నవాళ్ళు కూడా లోకంలో ఉన్నారన్నారు. నీళ్ళలో కలిసిన బూడిదను అతికించేవాడు మాత్రం లేడంట.

మొదట పడేది ఎవరి మీద

చాలా ఏళ్ళు నాకు ఆ కాగితాల్లో ఏముందో తెలియదు. టీవీలో మన క్షిపణి ఎగిరిన రోజు ఆఫీసులో లడ్డూలు పంచేవారు. నేనూ తిన్నాను. లలితకు ఒకటి కొంగున కట్టి తెచ్చేదాన్ని.

సుబ్రహ్మణ్యం సార్ అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. అనంతపురం మనిషి. సిగరెట్టు తాగడానికి నా గది వెనక్కి వచ్చేవాడు, తెలుగు మాట దొరుకుతుందని కాసేపు నిలబడేవాడు. ఒకరోజు ఊరికే ఉండలేక అడిగాను.

"ఏం సార్, ఇంత రాస్తారు, ఇంత కాలుస్తారు. ఏముంటాది అందులో?"

"అది చెప్తే నన్ను కూడా నీ బట్టీలో ఏస్తారు నరసమ్మా."

"మీరు కాలరు లేండి సార్. సిగరెట్టు పొగకు లోపల ఎప్పుడో కాలిపోయింటారు."

ఆయన పెద్దగా నవ్వాడు. తర్వాత, "పేపర్లో వచ్చింది చెప్తా, దానికి తప్పు లేదు" అన్నాడు. "మన దేశం ఒక మాట ఇచ్చిండాది. ఆ బాంబు మనం ముందు వేయం. ఎవుడన్నా మన మీద ఏస్తే మాత్రం, తిరిగి వాడు లేవకుండా కొడతాం. అదీ మన నీతి."

"మంచి మాటే కదా సార్. మనం ఎవుర్నీ ముందు కొట్టం."

"మంచి మాటే. అయితే లెక్క చూడు. మనం ముందు వేయకపోతే, మొదట పడేది ఎవురి మీద?"

నాకు వెంటనే తట్టలేదు. తట్టినాక చేతిలో చువ్వ బరువైపోయింది.

"మన మీదనా సార్?"

"మన మీద. అది పడినంక మనకు ఎన్ని మిగులుతాయి, అదే మా లెక్క. పగలూ రాత్రీ అదే."

"మనుషులా?"

ఆయన సిగరెట్టు నోటి దాకా తీసుకుపోయి ఆపేశాడు. "కాదు నరసమ్మా. తిరిగి కొట్టేవి. బాంబులు, క్షిపణులు. అందుకే అన్నీ ఒక చోట పెట్టరు. కొన్ని నేల మీద, కొన్ని విమానాలకు, కొన్ని సముద్రం అడుగున పడవల్లో. ఒక చోట పోయినా ఇంకో చోట ఉంటాయని అవతలోడికి తెలిస్తే చాలు, వాడు వేయడు. పని చేసేది బాంబు కాదు, వాడి భయం."

"అప్పుడు మన భయమో?"

"అదీ పని చేస్తాది" అన్నాడు. సిగరెట్టు కాలి కింద నలిపి, దాన్ని ఎత్తి జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఆయన అలవాటు అది, నా గది దగ్గర చెత్త వేయడు.

యలహంకలో మా ఇంటి మీదుగా వైమానిక దళం విమానాలు పోతూ ఉంటాయి. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడే. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి ఒక్కో విమానం దాటేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. లలిత, "ఏమైందమ్మా?" అంటే, ఏమీ లేదనేదాన్ని.

సుబ్రహ్మణ్యం సార్ చెడ్డవాడు కాదు. ఆ మాట కూడా చెప్పాలి. వాళ్ళ పని జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగని రోజే వాళ్ళు గెలిచిన రోజు. అట్లాంటి పనిలో ఉన్నవాళ్ళు సరిగా చేశారో లేదో కనుక్కోవడం ఎట్లా? తప్పు చేసినా రోజు ఊరికే గడిచిపోతుంది. మరుసటి రోజు కూడా గడిచిపోతుంది. అందుకని తప్పే అలవాటైపోతుంది. నా గదిలో అదే జరిగింది.

మూడున్నర

నాకు సాక్షిగా దేవరాజు ఉండేవాడు. రికార్డుల విభాగంలో గుమాస్తా, పాత బెంగళూరు తెలుగువాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆయన భార్య గార్మెంట్సులో పనికి పోయేది, సాయంత్రం ఆరు దాటితేగాని రాదు. పాప ఒకటో తరగతిలో చేరింది. స్కూలు విడిచేది మూడున్నరకు. మా బట్టీ వెలిగించేది మూడింటికి. పొగ వేళ అని ఆఫీసు వాళ్ళు ఎప్పుడో పెట్టిన టైము, దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

మొదటిసారి ఆయన సిగ్గుపడుతూ అడిగాడు. "అక్కా, ఈపొద్దు ఒక్క దినము. పాప ఒకతే గేటు కాడ నిలబడి ఏడుస్తా ఉంటాది. సంతకం పెట్టేసి పోతాను, నువ్వు చూసుకో."

"పో అప్పా, పసిబిడ్డను ఏడిపించొద్దు. నేను ఎక్కడికి పోతా?"

ఆ ఒక్క దినము ఏడాదిన్నర నడిచింది. లెక్కపెట్టేదాకా ఉండి, సంతకం పెట్టి, సైకిలు ఎక్కేవాడు. నేను ఒక్కదాన్నే కాల్చి, ఒక్కదాన్నే కలిపేదాన్ని. నేను మోసం చేయలేదు, ఒక్క కాగితం కూడా వదిలిపెట్టలేదు. అందుకే అది తప్పని కూడా అనిపించలేదు. ఆ పాప నాకు బొమ్మలు గీసి పంపేది. బట్టీ, పక్కన నేను, నా జుట్టు నుంచి పొగ.

ఇక్కడ నా రహస్యం ఒకటి చెప్పాలి. ఆదివారాలు మధ్యాహ్నం లలిత నాకు అక్షరాలు నేర్పించేది. ఇంట్లో ఇప్పటికీ కూడబలుక్కొని చదువుతాను. అప్పట్లో ఇంటికి పోయే బస్సు బోర్డు మీద కన్నడం కింద ఇంగ్లీషులో యలహంక అని ఉండేది. రోజూ చూసి చూసి ఆ వరస నా కళ్ళకు పట్టేసింది. ఆఫీసులో మాత్రం పలక కూడా చూడనిదానిలాగే ఉండేదాన్ని. చదువు వచ్చిందని తెలిస్తే ఆ గదిలోంచి తీసేస్తారని భయం. బట్టీలో వేసే కాగితాలను తల పక్కకు తిప్పుకొని నలిపేదాన్ని.

అది వాన పట్టిన రోజు. దేవరాజు పద్దెనిమిది కాగితాలు లెక్కపెట్టి, నా లెక్క కూడా పద్దెనిమిదేనని చూసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. పదిహేడు వేశాను. ఆఖరుది పటం. తల తిప్పుకునేలోపే కన్ను పడింది. ఊరి పటం మీద ఒక చుక్క, చుక్క చుట్టూ గుండ్రటి గీతలు, ఒకదాని బయట ఒకటి. లోపలి గుండ్రం ఎర్రగా ఉంది. ఆ ఎర్రటి దాని లోపల, మా బస్సు బోర్డు మీది అక్షరాలు.

ఏమిటో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. మొదట పడేది ఎవరి మీద అని సుబ్రహ్మణ్యం సార్ అడిగాడు కదా. ఇక్కడ. మా ఇంటి మీద. లలిత అప్పుడు కాలేజీ నుంచి వచ్చి గ్యాసు వెలిగించి ఉంటుంది. అది గుండ్రం లోపల ఉంది. మా నాన్న మగ్గం గుంట గుండ్రం లోపల ఉంది.

నేను దాన్ని నలపలేకపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేల కాగితాలు నలిపానో, ఇది నలపడానికి చెయ్యి రాలేదు. చీర మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి, బట్టీలో పైన పెట్టాను. మడత పెట్టిన కాగితం కాలదని తెలిసిన మనిషిని. తలుపు మూసేలోపు గాలి పెద్దగా కొట్టింది. మంట గుప్పున లేచి ఆ కాగితాన్ని పైకి లాక్కుపోయింది.

పొగగొట్టం మీద ఇనుప జాలీ ఉంటుంది, ఏదీ ఎగిరిపోకుండా. బయటికి పరుగెత్తి చూశాను. జాలీ ఒక మూల తుప్పు పట్టి ఊడి వేలాడుతోంది. ఆ సందులోంచి నల్ల అంచుల ముక్క ఒకటి బయటపడి, రెండుసార్లు గిరికీలు కొట్టి, గోడ దాటి వీధిలోకి పోయింది.

గోడ అవతల

గేటు దగ్గర సిపాయితో తమలపాకులు కొనుక్కుంటానని చెప్పి బయటికి వెళ్ళాను. నా నోట్లోంచి మాట వచ్చిందో లేదో కూడా తెలియదు. గోడ వెంట ఆటోలు నిలబడి ఉన్నాయి. మురుగుకాలువలో చూశాను, ఆటోల కింద వంగి చూశాను. వాన తుంపర పడుతోంది. ఎవరైనా ఎత్తుకొని ఉంటే? ఫోనులో ఫోటో తీసి ఉంటే? మా ఊరి మీద ఆ గుండ్రం గీసిన కాగితం ఊరంతా తిరిగితే?

తోపుడుబండి మీద పూలమ్మే ఆమె ఒకతె ఉంది. బండి మీద కప్పిన తడి ప్లాస్టిక్ పట్టకు ఆ ముక్క అంటుకొని ఉంది. అరచెయ్యంత. మడత లోపలి భాగం, ఏమాత్రం కాలలేదు. ఎర్ర గుండ్రంలో సగం ఉంది, ఊరి పేరు మొత్తం ఉంది. నేను లాగేసరికి ఆమె చూసింది.

"ఏమక్కా అది? మ్యాపు మాదిరి ఉండాదే. మా ఊరు ఉండాదేమో చూడు."

"ఏ ఊరమ్మా మీది?"

"యలహంక కాడ. విమానాల గోడ పక్కనే."

ఆమె చేతిలో మల్లెపూల దండ సగం కట్టి ఉంది. బండి కింద చిన్న పెట్టెలో కోడిపిల్లలు ఉన్నాయి, ఇంటికి తీసుకుపోవడానికి కాబోలు.

"లేదమ్మా" అన్నాను. "అంతా కాలిపోయిండాది, ఏమీ కనపడదు."

ముక్కను పిడికిట్లో పెట్టుకొని లోపలికి వచ్చాను. దేవరాజు పాపను పక్కింటి వాళ్ళ దగ్గర వదిలి అప్పుడే తిరిగొచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన మొహంలో రక్తం లేదు.

"అక్కా, ఏసేయి బట్టీలో. దొరికింది కదా. ఎవురికీ తెలీదు."

"జాలీ ఊడింది అప్పా."

"అది నేను రేపు తంతితో కట్టిస్తాను. అక్కా, నా సంతకం ఉండాది పుస్తకంలో. పద్దెనిమిది కాలినాయని. నా పని పోతే పాపను ఎట్ల చదివించేది? నీకు బిడ్డ లేదా అక్కా?"

"ఉండాది అప్పా. ఆ బిడ్డ కోసమే."

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పడానికి నాకూ మాట దొరకలేదు. ఇప్పుడైతే చెప్పగలను. నా భయం ఆ ముక్క గురించి కాదు. అది నా పిడికిట్లో ఉంది. మేమిద్దరం మంచివాళ్ళం. ఆయన పాప కోసం పోయాడు, నేను జాలిపడి పంపాను. పుస్తకంలో మాత్రం పద్దెనిమిది బూడిదయ్యాయని ఉంది. కాలని కాగితం వీధిలో ఉన్నప్పుడు కూడా పుస్తకం అదే చెప్పింది. మరి ఆ బాంబులు ఉన్న చోట కూడా పుస్తకం ఉంటుంది కదా? అక్కడా ఒక దేవరాజు ఉంటాడు, మూడున్నరకు స్కూలు విడిచే పాప ఉంటుంది. పో అప్పా, నేను చూసుకుంటాలే అనే నరసమ్మ ఒకతె ఉంటుంది. మన దగ్గరే కాదు, అవతలి దేశంలో కూడా.

అది తట్టినాక ఆ ముక్కను బట్టీలో వేయలేకపోయాను.

కుట్టప్ప గారి బల్ల ముందు

కుట్టప్ప గారికి రిటైరు కావడానికి అప్పటికి కొద్ది నెలలే ఉన్నాయి. మాటలు కన్నడంలో జరిగాయి, తెలుగులో చెప్తున్నాను. ముక్కను బల్ల మీద పెట్టి, ఎగిరిపోయిందని, వీధిలో దొరికిందని, సాక్షి ముందే వెళ్ళాడని, ఏడాదిన్నరగా వెళ్తున్నాడని అంతా చెప్పాను.

ఆయన ముక్కను తిప్పి చూశాడు. "వీధిలో వంద కాగితాలు ఉంటాయి. మన కాగితం ఇదేనని నీకెట్లా తెలుసు?"

అబద్ధం చెప్పడానికి సందు ఉంది. అంచు నల్లగా ఉందని చెప్తే సరిపోయేది. నా నాలుక మీద ఆ మాట ఉంది కూడా.

"మా ఊరి పేరు ఉంది సార్ దాని మీద."

ఆయన ముక్క మీంచి తల ఎత్తి నన్ను చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిదేళ్ళు సార్. మా అమ్మాయి నేర్పింది."

"ఇంతవరకు ఎన్ని చదివావు?"

"ఇదొక్కటే సార్. ఇది చదవలేదు, కళ్ళల్లో పడింది."

నమ్మాడో లేదో నాకిప్పటికీ తెలియదు. "ఎందుకు తెచ్చావు? కాల్చేసి ఉంటే నాకు తెలిసేది కాదు" అన్నాడు.

"అందుకే సార్. మీకు తెలియకుండా పోతుందనే."

ఆయన సొరుగు లాగి ఒక పుస్తకం తీశాడు. బట్టీ గదిని నెలనెలా తనిఖీ చేసిన పుస్తకం. పొగగొట్టం, జాలీ, తలుపు అని వరసగా గడులు ఉంటాయట. ప్రతి నెలా ఆయన సంతకం ఉంది, పోయిన నెల కూడా. నేను ఆ గదిలో ఉన్న ఇరవై ఏళ్ళలో ఆయన నిచ్చెన వేసి జాలీ చూసింది లేదు. నేను ఆ మాట అనలేదు. ఆయనే పేజీలు తిప్పి తిప్పి, పుస్తకం మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. దేవరాజును చూసినప్పటి కంటే అప్పుడు నాకు భయం ఎక్కువైంది. కింద మేమిద్దరమే అనుకున్నాను, పైన కూడా అంతేనని తెలిసింది.

విచారణ జరిగింది. కుట్టప్ప గారు తన సంతకాల సంగతి కూడా తనే రాసిచ్చాడని తర్వాత విన్నాను. జాలీ మార్చారు. సాక్షులను ఇద్దరిని చేశారు, ఇప్పుడు మళ్ళీ ఒక్కడే అయ్యాడంట. బట్టీ వెలిగించే టైము పదకొండు గంటలకు మార్చారు. ఒక్క గీత కొట్టేస్తే అయ్యే పని, ఏడాదిన్నర ముందే చేయొచ్చు. దేవరాజును ఎక్కడో దూరం ఊరి ఆఫీసుకు పంపించారు. పాపకు స్కూలు మారింది. నన్ను ఆ గదిలోంచి తీసి క్యాంటీనులో వేశారు. చదువు వచ్చిన మనిషి కదా. మిగిలిన ఏళ్ళు గ్లాసులు కడిగాను.

కొన్నేళ్ళకు యలహంక బస్టాండులో దేవరాజు కనిపించాడు. పక్కన పాప, పెద్దదైపోయింది. "దేవరాజప్పా" అని పిలిచాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల వెనక్కి చూసి, "ఎవురు నాన్నా ఆమె?" అంది. ఏం చెప్పాడో బస్సు చప్పుడులో వినపడలేదు.

నేను చేసింది సరైందేనని అనుకుంటున్నాను. అయితే ఆ రోజు సరిగా చేశానంటే, మొదటిరోజు తప్పు చేశాననే. "ఒక్క దినము" అన్నప్పుడే, కాదప్పా, ఇద్దరం కలిసి పోయి టైము మార్చమని అడుగుదాం పద అని ఉండాలి. అప్పుడు ఆయన ఉద్యోగమూ నిలిచేది, నా మొహం చూసి తిప్పుకునేవాడూ కాదు. జాలి నాకు సులభంగా వచ్చింది. అడగడానికి ధైర్యం రాలేదు.

మంజులకు

సుబ్రహ్మణ్యం సార్ పోయాడు, ఊపిరితిత్తులు. కుట్టప్ప గారు ఎక్కడున్నారో తెలియదు. ఈమధ్య యుద్ధం వస్తుందని టీవీలో అరిచిన రోజుల్లో సైరను మోగించి చూశారు. మా వీధిలో పిల్లలు మేడ ఎక్కి చప్పట్లు కొట్టారు. నేను వంటింట్లో స్టవ్వు ఆర్పి, గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఎర్ర గుండ్రం లోపల ఉన్నామని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఒట్టు పెట్టాను కాబట్టి కాదు. చెప్తే వాళ్ళు ఎక్కడికి పోతారు?

మనం ముందు వేయం అన్న మాటను నేను తప్పుపట్టను. అట్లాంటి మాట ఇచ్చిన దేశంలో మొదటి దెబ్బ పడకుండా మనల్ని కాపాడేది ఎవరి పని వాళ్ళు ఆఖరుదాకా చేయడమే. అందులో నీ గది కూడా ఉంది మంజులా. అది చిన్నదని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఇదంతా లలితతో రాయిస్తూ మధ్యలో ఆపి, మంజులకు ఫోను చేయించాను. "మీ సార్‌ను నిలబెట్టు. కలిపేదాకా ఉంటేనే నిప్పు పెడతానని చెప్పు. ఆయనకు ఏం తొందర ఉందో అడుగు, ఆ తొందర తీరే దారి పైవాళ్ళను అడగండి, ఇద్దరూ కలిసి" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమె చిన్న గొంతుతో, "ఆంటీ, నేను పీయూసీ పాసైనాను. చదువు రాదని చెప్పి చేరినా. పని కావాలని" అంది.

"అదీ చెప్పెయ్" అన్నాను. "తీసేస్తారు ఆంటీ" అంది. "తీసేయొచ్చు" అన్నాను. తీసేయరని అబద్ధం చెప్పలేను.

నిన్న పదకొండు దాటాక, కాల్చడం మధ్యలో ఆపి, మంజుల మళ్ళీ ఫోను చేసింది.

"ఆంటీ, సార్‌ను ఉండమన్నా. గొణుక్కుంటానే నిలబడినాడు."

"నీళ్ళు కలిపేదాకా?"

"లేదాంటీ. సగం దాకా. ఏదో ఫోనొచ్చిందని ఎల్లిపోయినాడు."

"సంతకమో?"

"పెట్టేసే పోయినాడు."

ఇంటి మీద విమానం పోతోంది, ఆమె మాట సరిగా వినపడలేదు. అది దాటేదాకా ఆగాను.

"మిగిలింది కాల్చొద్దు మంజులా" అన్నాను. "సంచి మూతి కట్టి, దాని మీద కూర్చో. ఆయన తిరిగొచ్చేదాకా లేవొద్దు."